ముందు మనిషి సంగతి

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది కాల్‌మేన్ మావయ్య. మధ్యాహ్నం పన్నెండు దాటి ఉంటుంది. పొయ్యి మీంచి పప్పు దించుతుంటే ఖరగ్‌పూర్‌లో మా సుభాష్‌పల్లి వీధి మలుపులో ఆయన సైకిల్ బెల్లు వినబడింది. మోగడం మొదలై సగంలో ఆగిపోయింది. మళ్ళీ రెండుసార్లు మోగి మళ్ళీ ఆగింది. ఆయన బెల్లు అలా తడబడగా నేనెప్పుడూ వినలేదు. చేతిలో గరిటతోనే గేటు దగ్గరికి వచ్చాను.

"అమ్మలూ, పిల్ల బతికే ఉన్నాది," అన్నాడు సైకిల్ దిగకముందే. "మాటాడతంది. కడుపులో పసిగుంట సంగతి మాత్రం డాక్టర్లు ఇంకా సెప్పనేదు. ఏడో నెల. ఝపటాపూర్‌లో మేడ మెట్ల మీంచి పడిపోనాది."

నా మొహం వైపు కాకుండా సైకిల్ హ్యాండిల్ వైపు చూస్తూ మిగతాది చెప్పాడు.

"పొద్దున ఫోన్లో నువ్వు రాసిన వార్త సూసి పరిగెట్టినాదంట."

ఆ పిల్ల నాకు తెలుసు. పెళ్ళై రెండేళ్ళు. మొగుడు రైల్వే వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఫిట్టరు. కిందటి నెల అమ్మవారి గుడిలో నా పక్కన కూర్చుని, పాదాలు వాచిపోయాయక్కా అని నవ్వుతూ చూపించింది. ఆ పాదాలే కళ్ళముందు కదిలాయి. గరిట ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

ఆయన బెల్లు తడబడితే నేనెందుకు గరిటతోనే పరిగెత్తానో చెప్పాలి. ఫోన్లు లేని కాలంలో రైలు డ్రైవర్లకీ గార్డులకీ ఏ బండికి ఎక్కాలో ఇంటికొచ్చి చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళే మనిషి ఒకడుండేవాడు. అతన్నే కాల్‌మేన్ అనేవారు. యార్డులో ఎవరికైనా ఏదైనా జరిగితే ఆ కబురు కూడా క్వార్టర్లకి అతని సైకిల్ మీదే వచ్చేది. మా మావయ్య తనకి తానే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. డ్యూటీ పిలుపైతే గుమ్మం ముందు రెండుసార్లు కొడతాడు. మనిషికి దెబ్బ తగిలినా ప్రాణంతో ఉంటే వీధి మొదట్నుంచీ ఆపకుండా కొట్టుకుంటూ వస్తాడు. మనిషి పోతే మాత్రం మలుపులోనే సైకిల్ దిగి, బెల్లు మీద అరచెయ్యి మూసి, నడిపించుకుంటూ వస్తాడు. ఏ ఆఫీసరూ నేర్పలేదు ఇది. కానీ మా లైన్లో ఆడవాళ్ళందరికీ తెలుసు.

మా నాన్న యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్. నాకు ఏడేళ్ళప్పుడు ఒకనాటి పొద్దున అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. వీధి చివర బెల్లు అందుకుంది. డ్యూటీ పిలుపు కాదది, ఆగడంలేదు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ప్రతి ఒక్కరూ ఆ సైకిల్ తమ గుమ్మం దాటిపోవాలని చూస్తున్నారు. అది మా గుమ్మం దాటలేదు.

"ఉన్నాడు సెల్లెమ్మా, ఉన్నాడు! నీ పేరెట్టి పిలుస్తన్నాడు!" అన్నాడు ఆయన. అమ్మ గోడ పట్టుకుని నిలబడ్డాక, నెమ్మదిగా, "ఎడం పాదం పోనాది," అన్నాడు.

"పాదం పోయిందని విని దేవుడికి దండం పెట్టిన ఆడదాన్ని ఖరగ్‌పూర్ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను," అని అమ్మ ఇప్పటికీ అంటుంది. నాన్న ఆ తరవాత ఇరవై ఏళ్ళు మాతో ఉన్నారు. ఆ ఇరవై ఏళ్ళకీ నేను రోజూ దీపం పెట్టేటప్పుడు కృతజ్ఞత చెప్పుకుంటాను.

నాకు బడి చదువు లేదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె బలహీనపడిందని డాక్టరు నడవొద్దన్నాడు. అక్షరాలు అమ్మే నేర్పింది. నాన్న పాదం పోయాక ఆయనకి యార్డు బదులు వర్క్‌షాపు స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. బోగీల మీద గుర్తులు పెట్టే లావుపాటి సుద్దముక్కలు అక్కడ అరిగిపోయి మిగిలేవి. అవే నా పలక మీద బలపాలు. ఎదురింటి దీదీ బెంగాలీ నేర్పింది. ఇలా అడిగి నేర్చుకున్న చదువు కాబట్టి, ఎవరు ఏ ముక్క నేర్పారో నాకు బాగా గుర్తు.

మూడేళ్ళ కిందట, బజార్లో బట్టల కొట్టున్న ఒకన్నయ్య మా తెలుగువాళ్ళ కోసం ఫోన్లో వార్తలు పంపడం మొదలుపెట్టాడు. గుడిలో ఉత్సవం, నీళ్ళు రాని రోజు, ఎవరింట్లో ఏం జరిగింది, ఇలాంటివి. తెలుగు తప్పుల్లేకుండా రాసేవాళ్ళు దొరక్క నన్నడిగాడు. నాకు ఎంత సంతోషమైందంటే, మొదటి వార్తని అమ్మవారి ముందు పెట్టి మరీ పంపాను. "అమ్మవారి దయవల్ల నిన్న సుభాష్‌పల్లిలో నీళ్ళ పైపు పగిలినది" అన్నది నా మొట్టమొదటి వాక్యం.

అన్నయ్య ఫోన్ చేసి ఐదు నిమిషాలు నవ్వాడు. "చెల్లెమ్మా, పైపు పగలగొట్టింది అమ్మవారా? మున్సిపాలిటీ వాళ్ళు వింటే హాయిగా నిద్రపోతారు."

అప్పట్నుంచి మొదటి వాక్యం మీదే నా కష్టమంతా. అన్నయ్య తన వ్యాపారం భాషలోనే చెప్పేవాడు. "కొట్టు ముందు బొమ్మకి ఒక మంచి చీర కడతాం. ఉన్న సరుకంతా బొమ్మకి చుట్టం కదా. మొదటి వాక్యం ఆ బొమ్మ. దారిన పోయేవాడు దాన్ని చూసి ఆగాలి, లోపలికి రావాలి." ఫోన్లో వార్త వచ్చినప్పుడు పైన ఒకటో రెండో వరసలే కనబడతాయి. నొక్కితేనే మిగతాది. ఎంతమంది నొక్కారో ఆయనకి తెలుస్తుంది. నలభైమంది చూస్తే పెదవి విరిచేవాడు, నూరు దాటితే మిఠాయి పంపేవాడు.

నేను నేర్చుకున్నాను. తేదీతో మొదలుపెట్టడం మానేశాను. పెద్దమనుషుల పేర్ల జాబితా వాక్యం చివరికి తోశాను. ఒక్క వస్తువుని పట్టుకుంటే మనిషి కళ్ళు అక్కడ నిలుస్తాయని తెలుసుకున్నాను. గుడి గంట పోయిందన్న వార్తకి "ఈ పొద్దున పూజారిగారు తాడు లాగితే తాడే చేతిలోకి వచ్చింది" అని రాస్తే అందరూ మెచ్చుకున్నారు. గర్వపడ్డానని ఒప్పుకోవాలి. దేవుడు ఇచ్చిన తెలివి అనుకున్నాను గానీ, అందులో నా ముచ్చట కూడా ఉంది.

ఆ రోజు పొద్దున పదిన్నరకి అన్నయ్య ఫోన్ చేశాడు. వర్క్‌షాపులో మన మనిషి ఒకాయనకి చెయ్యి మిషన్లో పడి రెండు వేళ్ళు నలిగాయి. యాభై దాటినాయన. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికేం భయం లేదు, పక్కన బావమరిది ఉన్నాడు, టీ కూడా తాగాడు. "త్వరగా రాయి చెల్లెమ్మా, పదిమందికీ తెలియాలి. మొదటి వాక్యం బాగుండాలి సుమా."

బావమరిది చెప్పాడంటూ అన్నయ్య అన్న ఒక చిన్న ముక్క నా చెవిలో పడింది, టిఫిన్ డబ్బా అక్కడే ఉండిపోయిందని. నాకు కావలసిన వస్తువు దొరికింది. ఇలా రాశాను:

"ఈ పొద్దున భార్య కట్టిచ్చిన టిఫిన్ డబ్బా వర్క్‌షాపులో మూత తియ్యకుండానే ఉండిపోయింది."

రెండో వాక్యంలో మిషన్. మూడో వాక్యంలో ఆస్పత్రి. ఆ మనిషి ఎవరో, ఎంత వయసో, ప్రాణానికి భయం లేదన్న మాటా నాలుగో వాక్యంలో. నాకు ముందే తెలుసు ఆయన బాగున్నాడని. తెలిసి కూడా వెనక పెట్టాను. అక్కడిదాకా చదవాలంటే నొక్కాలి కదా.

రోజూ పొద్దున మన ఇళ్ళలో ఎన్ని టిఫిన్ డబ్బాలు వర్క్‌షాపుకి వెళ్తాయి! ఎవరి డబ్బా అని ప్రతి ఆడదీ అనుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. వర్క్‌షాపు స్టోర్సుకి నేను నా చేత్తో నాన్నకి డబ్బా కట్టి పంపినదాన్ని. నాకే తట్టలేదు.

ఝపటాపూర్ పిల్ల ఫోన్లో ఆ ఒక్క వరసే చూసింది. మొగుడికి ఫోన్ చేసింది. పనిలో ఉన్నవాళ్ళు ఫోన్ ఎత్తరు. మళ్ళీ చేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగబోయింది.

"నేనూ వస్తాను మావయ్యా, ఆస్పత్రికి," అన్నాను.

"నువ్వు రాకు. ఆల్ల అత్త అక్కడే ఉన్నాది. నిన్ను సూస్తే ఊరుకోదు, నీకా గుండి మంచిది కాదు. నాను ఎల్లి కబురట్టుకొస్తాను. అది నా పనే కదేటి." సైకిల్ తిప్పాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ సైకిల్ తొక్కడం తక్కువ, చేతికర్రలా పట్టుకు నడవడం ఎక్కువ. ఎండలో మలుపు తిరిగేదాకా చూశాను.

ముందు ఫోన్ తీసి నా వార్త తీసేశాను. అన్నయ్య ఫోన్ వచ్చింది. ఆయనకింకా తెలీదు. "చెల్లెమ్మా! ఎంతమంది చూశారో తెలుసా? మూడు వందలు దాటింది! తీసేశావేంటి?"

చెప్పాను. అవతల కొట్లో ఎవరో చీర ధర అడుగుతున్నారు. "బొమ్మ అని చెప్పింది నేనేనమ్మా," అన్నాడు చివరికి, పెట్టేశాడు.

తరవాత కూర్చుని ఆ వార్త మళ్ళీ రాశాను. మొదటి వాక్యం ఇలా వచ్చింది. "చెయ్యి నలిగిన మన కార్మికుడు, యాభై దాటిన పెద్దాయన, క్షేమంగా ఉన్నారు, మిగతావాళ్ళెవరికీ ఏమీ కాలేదు." చదువుకుంటే పేలవంగా ఉంది. ఆ పేలవమైన వాక్యం పదకొండు గంటలకి నా దగ్గర ఉండి ఉంటే ఆ పిల్ల ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద పడుకుని మొగుడి కోసం చూస్తూ ఉండేది కాదు.

పంపేశాక చెయ్యడానికింకేమీ లేదు. అమ్మవారి ముందు కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. ఏమని అడగను? నా తప్పు సరిదిద్దమనా? నాకు ఎప్పుడూ కృతజ్ఞత చెప్పుకోవడమే అలవాటు, అడగడం పెద్దగా చేతకాదు. ఆ రోజు దీపం వైపు చూస్తూ కూడా నా చెవులు వీధిలోనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మా వీధిలో ఎన్ని సైకిళ్ళు తిరుగుతాయో మొదటిసారి తెలిసింది. చేపల ఆయన బెల్లుకి లేచాను. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లల బెల్లుకి లేచాను. అంతకంటే భయం బెల్లు లేకుండా వచ్చే సైకిల్. టైరు కింద గులక నలిగిన చప్పుడైతే చాలు, అరచెయ్యి మూసిన బెల్లు కళ్ళకి కట్టేది. ఎదురింటి దీదీ కొడుకు సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాడు. పంక్చరై ఉంటుంది పాపం. నేను గోడకి చేరబడిపోయాను.

అమ్మ మంచంలోంచి చూస్తూనే ఉంది. "ఏటే, అన్నం తినవేటి?"

"వద్దమ్మా."

"నువ్వు తినకపోతే అక్కడ గుంటకి బలవస్తాదా?" అని, "మీ నాన్నప్పుడు నానూ తినలేదులే," అంది. జరిగి, పక్కన చోటిచ్చింది. చిన్నపిల్లలా వెళ్ళి అమ్మ పక్కన ఒదిగాను. ఇద్దరం వింటూ పడుకున్నాం.

మూడు దాటింది. నాలుగు దాటింది. ఆ బిడ్డకేమైనా అయితే ఇంక ఏ మొహంతో దీపం పెడతాను అన్న ఆలోచన ఒకటే తిరిగి తిరిగి వస్తోంది. గుడిలో ఆ పిల్ల పక్కన ఎలా కూర్చుంటాను? జీవితమంతా ఆ తల్లి ఇంట్లో ఆ ఒక్క వాక్యం ఉంటుంది, టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడల్లా.

ఐదు కావస్తుండగా బెల్లు వినబడింది. మలుపు దగ్గర మొదలై ఆగకుండా మోగుతోంది. గేటు దగ్గరికి పరిగెత్తాను. వీధిలో సైకిల్ లేదు. ఒక టోటో మాత్రం వస్తోంది, ఆ బ్యాటరీ రిక్షా. అందులో ఎవరెవరో ఉన్నారు. బెల్లు మోగుతూనే ఉంది, సైకిల్ ఎక్కడా లేదు. నాకు మతి పోయిందేమో, ఆ చప్పుడు నా తలలోనే మోగుతోందేమో అనిపించింది. గేటు ఊచ పట్టుకున్నాను.

టోటో దగ్గరికొచ్చాక కనబడింది. వెనకాల తాడుతో కట్టిన సైకిల్. సీట్లో వెనక్కి తిరిగి, ఒళ్ళంతా మెలితిప్పుకుని, ఆ సైకిల్ బెల్లు మీద బొటనవేలు పెట్టి కొడుతున్నాడు మావయ్య. ఆస్పత్రి దగ్గర చైను తెగిపోయిందట. దారంతా అలాగే కొట్టుకుంటూ వచ్చాడట. టోటో డ్రైవర్ తల పట్టుకున్నాడు. "దాదూ, ఎబార్ థామో! కాన్ గెలో!" తాతా, ఇంక ఆపు, చెవులు పోయాయి అని మొరపెట్టుకుంటున్నాడు.

"ఉన్నాడమ్మలూ!" అని అరిచాడు మావయ్య. "గుంట గుండి టకటక కొట్టుకుంతంది, మిషన్లో నాకూ వినిపించినారు! తల్లికి మణికట్టు ఇరిగినాది, అంతే!"

మగపిల్లాడో ఆడపిల్లో ఎవరికీ తెలీదు. ఆ సంతోషంలో ఆయన నోట వచ్చింది మా నాన్నప్పటి ఆ "ఉన్నాడే". నేను గేటు దగ్గరే కూర్చుండిపోయి ఏడ్చాను.

టీ తాగాక, లేవబోతూ చెప్పాడు. "నానూ ఒకపాలి సేసినానమ్మా. ఉద్యోగంలో సేరిన కొత్త. ఒకింటికెల్లి 'యార్డులో ఏక్సిడెంటైపోనాది' అని ముందది సెప్పేసినాను. ఆయమ్మ మిగతా మాట ఇననేదు, ఇరుసుకు పడిపోనాది. మొగుడికి సెయ్యి బెణికినాది, అంతే. ఆయమ్మ మాత్రం మరి కోలుకోనేదు. అప్పుటికాడనుంచే ఈ బెల్లు." సైకిల్ చైను జేబులోంచి తీసి చూసుకుంటూ, "నీకు అమ్మవారు దయసూపించినాది. నాకు సూపించనేదు," అన్నాడు.

నా చిన్నప్పటి ఆ బెల్లు వెనక ఒక ఆడమనిషి ఉందని నాకు అంతవరకూ తెలీదు.

మర్నాడు పళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. అత్తగారు గుమ్మంలోనే ఆపింది. "ఏవమ్మా రచయిత్రీ, ఈరోజేటి రాసినావు? నా కోడలు అరిటిపండు తినేసినాదనా?" నేను చేతులు జోడించాను. లోపల్నుంచి ఆ పిల్ల, "రానీ అత్తా, నానే మొత్తం సదవనేదు," అంది. కట్టుకట్టిన ఆ చెయ్యి పక్కన పళ్ళు పెట్టాను. నా చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపలివాడు తన్నాడు. ఆ తన్ను నాకు తగలవలసిందే అనుకున్నాను.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఆ వార్త నేనే రాశాను, అత్తగారు ముందు తనకి చదివి వినిపించాకే పంపనిచ్చింది. "తల్లీ బిడ్డా క్షేమం." అదే మొదటి వాక్యం. అరవైమంది నొక్కారు. అన్నయ్య ఏమీ అనలేదు, మిఠాయి మాత్రం పంపాడు.

ఇప్పుడు కూడా రాస్తున్నాను. ప్రతి వార్తకీ భయం వేస్తుంది. మొదటి వాక్యం రాశాక కళ్ళు మూసుకుని, దాన్ని ఒక్కదాన్నే చదివే ఒక ఇంటిని ఊహించుకుంటాను. మేడ మీద ఇల్లు, నిటారు మెట్లు. ఆ ఇంట్లో మనిషి నిలబడగలిగితేనే పంపుతాను.

కాల్‌మేన్ మావయ్య ఈ చలికాలం పోయారు. ఆ కబురు తేవడానికి సైకిల్ మీద వచ్చేవాళ్ళెవరూ లేరు, ఫోన్లోనే తెలిసింది. "కాల్‌మేన్ మావయ్య ఈ తెల్లవారుజామున నిద్రలోనే, బాధ లేకుండా, వెళ్ళిపోయారు" అని రాశాను. ఆయనింటికి వెళ్ళినప్పుడు చూస్తే సైకిల్ గోడకి ఆనించి ఉంది. ఎవరూ చూడకుండా దాని బెల్లు మీద కాసేపు అరచెయ్యి మూసి నిలబడ్డాను.

ఇది చదివినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. అడగడం నాకు చేతకాదని చెప్పాను కదా, తప్పుంటే క్షమించండి. ఎప్పుడైనా ఎవరైనా మీ గుమ్మంలోకొచ్చి, లేదా ఫోన్లో, అన్నిటికన్నా ముందు "బాగున్నాడు, కంగారు పడకు" అని చెబితే, మీ ఊపిరి తిరిగొచ్చాక, ఖరగ్‌పూర్లో సైకిల్ తొక్కిన మా మావయ్యని ఒక్కసారి తలుచుకోండి.